రీలు దండగ!

ఇంట్లో ఎవరికైనా కొత్త సరదా పట్టుకుందంటే ముందుగా హడలిపోయేది ఇల్లాలు. తోటపని సరదా అయితే బకెట్లు మాయమవుతాయి. వంటల సరదా అయితే గిన్నెలు మిగలవు. ఫోటోల సరదా అయితేనా... డబ్బు సంగతి తర్వాత, ముందు మనశ్శాంతి మిగలదు. అన్నాలు వడ్డించి పిలిస్తే "ఉండమ్మా, వెలుతురు బాగుంది" అంటూ చారుగిన్నె చుట్టూ ప్రదక్షిణాలు చేసే పిల్లలున్న తల్లులకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. మొన్న దసరా సెలవులకి నకిరేకల్ వచ్చింది. వచ్చీ రాగానే సంచి గుమ్మంలో పడేసి "అమ్మా, నాకో కెమెరా కావాలి" అంది. చేతిలో ఉన్న ఫోను వంక చూశాను. "అది కెమెరా కాదు. నిజం కెమెరా. అదీ రీలు వేసేది" అంది.

రీలు! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! మా ఇళ్ళలో ఫిల్మ్ అనేవాళ్ళు కాదు, రీలే. రీలు వెయ్యడం, రీలు అయిపోవడం, రీలు కడిగించడం. ఇప్పటి పిల్లలకి రీలంటే ఫోనులో అరనిమిషం ఆట. మా అమ్మాయి నోట పాత అర్థంలో ఆ మాట వచ్చేసరికి, చెప్పొద్దూ, నాకు కాస్త ముచ్చటేసింది.

మావారికి మాత్రం ముచ్చట వెయ్యలేదు. ఆయన లెక్కల మాస్టారు. వెంటనే కాగితం, పెన్సిలు తీశారు. "ఒక రంగుల రీలు కొని, కడిగించి, కంప్యూటరుకి ఎక్కించుకోవాలంటే ఇవాళ 1000 రూపాయలు దాటుతుంది. రీలుకి 36 బొమ్మలు. అంటే బొమ్మకి 28 రూపాయలు. ఎవరో వాడిన డిజిటల్ కెమెరా, మంచిదే, 20,000 లోపు వస్తుంది. ఇరవై రీళ్ళు తీసేసరికి డబ్బు సరికి సరి. ఇరవై ఒకటో రీలు నుంచి నువ్వు తీసే ప్రతి బొమ్మా దండగ" అని తేల్చేశారు.

"నాన్నా, ఫిల్మ్‌లో ఉన్న ఆత్మ డిజిటల్‌లో ఉండదు" అంది అమ్మాయి.

"ఆత్మకి ధర వెయ్యడం మా సిలబస్‌లో లేదు" అన్నారీయన.

ఆ తండ్రీ కూతుళ్ళు నాలుగు రోజులు వాదించుకుని, చివరికి "నువ్వు నవలలు రాస్తావు కదా, రెండు పక్షాలూ విని తీర్పు చెప్పు" అని నా మీదకి తోశారు. నవలలు రాయడానికీ కెమెరా కొనడానికీ ఏమిటి సంబంధమో నాకు తెలియదు. అయినా తీర్పు చెప్పమంటే ఏ ఆడది కాదంటుంది? పైగా ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు. ఈమధ్య మళ్ళీ రీళ్ళ కెమెరాల మోజు ప్రపంచమంతా వచ్చింది. 2024లో పెంటాక్స్ వాళ్ళు కొత్తగా ఒక రీలు కెమెరానే తయారుచేసి అమ్మకానికి పెట్టారు. ముప్పయ్యారు బొమ్మల రీలులో దానితో డెబ్బయిరెండు తీయవచ్చట. రీలు ఖరీదు సగానికి వస్తుందన్నమాట! మావారు విని కొంచెం మెత్తబడ్డారు గాని తీర్పు మార్చుకోలేదు.

సరే, ముందు ఫిల్మ్ పక్షం విందాం.

ఫిల్మ్ మీద వెండి లవణాల రేణువులు పరిచి ఉంటాయి. కెమెరా కన్ను క్షణంలో నూరోవంతో, ఇన్నూరోవంతో తెరుచుకున్నప్పుడు ఎక్కడ వెలుగు పడిందో అక్కడి రేణువుల్లో మార్పు వస్తుంది. ఆ మార్పు కంటికి కనిపించదు. చీకట్లో మందునీళ్ళలో ముంచాకే బొమ్మ పైకి తేలుతుంది. మిగిలిపోయిన లవణాన్ని హైపోతో కడిగెయ్యాలి. హైపోకి వెండి లవణాలను కరిగించే గుణం ఉందని జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1819లోనే గమనించాడు. ఫోటోగ్రఫీ పుట్టిన ఇరవై ఏళ్ళకి, 1839లో, అది అక్కరకొచ్చింది... అనబోయి నాలిక్కరుచుకున్నాను. హైపో గుణం తెలిసిన ఇరవై ఏళ్ళకి ఫోటోగ్రఫీ పుట్టిందనాలి. జవాబు ముందు దొరికి ప్రశ్న తర్వాత రావడం మన సంసారాల్లోనే కాదు, శాస్త్రంలోనూ ఉందన్నమాట.

"ఇదంతా చేతితో చేసే పనమ్మా, అందులో ఉంది ఆనందం" అంటుంది అమ్మాయి. ఒప్పుకుంటాను. ఆవకాయ కలిపే చేతికి ఆ సంగతి వేరే చెప్పాలా? కొన్న సీసాలోనూ ఆవకాయే ఉంటుంది, కాని కలిపిన మనిషికున్న తృప్తి సీసాలో ఉండదు. ఆ తృప్తికి 'ఆత్మ' అని పేరు పెడితే నాకు అభ్యంతరం లేదు. అయితే అది తీసినవాళ్ళలో ఉంది, ఫిల్మ్‌లో లేదు. చూసేవాళ్ళకి కనిపించేది బొమ్మ ఒక్కటే.

రెండో వాదన రంగుల గురించి. ఫిల్మ్ రంగులు సహజంగా ఉంటాయంటారు. ఇక్కడ మాత్రం నేను ఊరుకోను. కోడక్ సంస్థ 1950ల నుంచి ప్రింట్లు వేసే చోట్లకి రంగు సరిచూసుకోవడానికి నమూనా కార్డులు పంపేది. ఆ కార్డు మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆ అమ్మాయి ఒళ్ళు చక్కగా వస్తే ప్రపంచంలో అందరి ఒళ్ళూ చక్కగా వచ్చినట్టే లెక్క! నల్లగొండ ఎండకి కమిలిన మన చామనచాయ ముఖాలు ఆ లెక్కలోకి రాలేదు. తర్వాత తర్వాత ఫిల్మ్‌లు బాగుపడ్డాయి, కాదనను. కాని నా చిన్నప్పటి పెళ్ళి ఆల్బములు తీసి చూడండి. పెళ్ళికూతురి పట్టుచీర ధగధగా మెరుస్తూంటుంది, మొహం మాత్రం బొగ్గులానో, సున్నంలానో ఉంటుంది.

మా చిన్నమ్మ సంగతి చెప్తాను. ఆవిడకి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఒక స్టూడియోలో ఫోటో దిగింది. ఆ స్టూడియో ఆయన నెగెటివ్ మీద పెన్సిలుతో సవరించి మా చిన్నమ్మని దొరసానిని చేసేశాడు. ఫోటో చూసి మెచ్చుకుని పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు మనిషిని చూసి మొహమొహాలు చూసుకున్నారు. "ఫోటోలో పిల్ల ఎర్రగ ఉన్నదే" అన్నదట వాళ్ళ పెద్దావిడ. ఆ మాట మా చిన్నమ్మ ఈనాటికీ మరిచిపోలేదు. ఇవాళ ఫోనులో మొహాన్ని నున్నగా, తెల్లగా చేసే మీటలున్నాయని తిట్టుకుంటున్నాం గాని, ఆ పెన్సిలుకీ ఈ మీటకీ తేడా ఏముంది? అప్పుడు ఒక్క స్టూడియో ఆయన చేతిలో ఉండేది, ఇప్పుడు మన చేతిలో ఉంది. మనం వద్దనుకుంటే నొక్కకుండా ఉండవచ్చు. డిజిటల్‌కి ఆ మార్కు వెయ్యక తప్పదు.

మూడోది అసలు వాదన. "ముప్పయ్యారే ఉంటాయి కాబట్టి ఆలోచించి తీస్తాం. ఫోనులో అయితే నాలుగు వందలు తీసి ఒక్కటీ చూడం." ఇది కొట్టిపారేసే మాట కాదు. ఓరుగల్లు నుంచి వచ్చిన గుడిమల్ల భరత్ భూషణ్ అనే ఛాయాగ్రాహకుడు, 2022లో పోయారాయన, మన తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మల్ని, ఆడవాళ్ళని, ఇళ్ళ తలుపుల్ని ఏళ్ళ తరబడి తీశారు. ఆ బొమ్మల్లో మనిషి ముందు నిలబడి ఓపికగా కాచుకున్న మనిషి కనిపిస్తాడు. ఆ ఓపిక కొంత ఆయన స్వభావం, కొంత రీలు నేర్పిన పాఠం అయి ఉండవచ్చు.

కాని ఈ ముప్పయ్యారు అనే అంకె ఇంకో పని కూడా చేసింది. దాన్ని గురించి రీలు ప్రేమికులు ఎవరూ మాట్లాడరు. అందుకే నేను మాట్లాడుతున్నాను.

మా నాయిన బడిపంతులు. 1986లో దుబాయి నుంచి వచ్చిన బంధువు దగ్గర ఒక జపాన్ కెమెరా కొన్నాడు. రెండు నెలల జీతం పోసి. దానికి తోలు సంచి, ఆ సంచికి పైన పాత తువ్వాలు, ఆ పైన ఇనప్పెట్టె. దేవుడి పటానికి కూడా అంత మర్యాద జరిగేది కాదు. ఏడాదికి రెండో మూడో రీళ్ళు. ఒకసారి కుటుంబమంతా నాగార్జునసాగర్ వెళ్ళాం. ఆనకట్ట ముందు, పడవలో, నాగార్జునకొండ మీద, అన్నిచోట్లా నిలబెట్టి తీశాడు. రీలు కడిగిస్తే ఒక్క బొమ్మ లేదు. తొందరలో రీలు కొస పళ్ళచక్రానికి తగిలించలేదు. బొమ్మ తీసి మీట తిప్పినప్పుడు ఎడమపక్క చుట్టే గుండీ కూడా తిరుగుతుంటేనే రీలు కదులుతున్నట్టు. ఆ చిన్న సంగతి చూసుకోలేదు. నాయిన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మే ఓదార్చింది, "మనం జూసినం గదా, ఫోటోలు లేకుంటేంది" అని.

అదే అమ్మ, ఒక దీపావళినాడు "ఏదీ, నేనొకటి తీస్త" అని చెయ్యి చాపింది. నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి, బాగా గుర్తు. నాయిన కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు, "నీకెందుకే, రీలు దండుగైతది."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ అడగలేదు.

ఈ తీర్పు కోసం మా పుట్టింటి ఆల్బములు మూడూ ముందేసుకుని లెక్కపెట్టాను. మొత్తం 214 ఫోటోలు. అమ్మ ఉన్నవి 31. అందులో సగం వెనక నిలబడినవే. అమ్మ తీసింది ఒక్కటీ లేదు. నాయిన చెడ్డవాడు కాదు. సాగర్‌లో ముప్పయ్యారు దండగ చేసినా ఆయన చేతిలోంచి కెమెరా ఎవరూ లాక్కోలేదు. చేతకాక పాడుచేసే హక్కు ఆయనకుంది, అమ్మకి లేదు. అంతే తేడా. మీ ఇళ్ళలో ఆల్బములు తీసి చూడండి, మీ అమ్మ తీసిన ఫోటో ఒకటి దొరికితే మీరు అదృష్టవంతులు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. రీళ్ళ కాలంలో కెమెరా పట్టిన ఆడవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఇంగ్లీషు ఆవిడ చూసుకునేది. మన స్త్రీలు దిగేవాళ్ళు, తీసేది మాత్రం దొరసాని. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయ్ వ్యారవాలా 1913లో పుట్టారు, 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు, 2012లో పోయారు. అంతటి ఆవిడ బొమ్మలు కూడా మొదట్లో భర్త పేరు మీద అచ్చయ్యాయి. రీలు కొరత ఓపిక నేర్పిందంటారు. నిజమే, నేర్పింది. కాని ఆ కొరత ముందుగా 'ఎవరు తియ్యాలి' అన్నది తేల్చి, ఆ తర్వాతే 'ఎలా తియ్యాలి' అన్నది నేర్పింది.

ఇక డిజిటల్ పక్షం.

వింతేమిటంటే డిజిటల్ కెమెరాని కన్నది రీళ్ళ వ్యాపారం చేసిన కోడక్ సంస్థే. 1975లో అక్కడి ఇంజనీరు స్టీవెన్ శాసన్ ఒక యంత్రం తయారుచేశాడు. మూడున్నర కిలోల పైన బరువు. నలుపు తెలుపుల్లో ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అడ్డంగా నూరు, నిలువుగా నూరు చుక్కలు, అంతే బొమ్మ. సొంత బిడ్డ సొంత వ్యాపారాన్నే మింగుతుందని సంస్థవారు జంకారో ఏమో, దాన్ని బయట గట్టిగా నడిపించలేదు. చివరికి 2012 జనవరిలో ఆ సంస్థే దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మన దేశంలో ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే సర్కారు సంస్థ 'ఇందు' పేరుతో ఫిల్మ్ అమ్మేది. అదీ మూతపడింది.

డిజిటల్ గొప్పతనం ఖర్చు లేకపోవడంలో ఉందని మావారి వాదన. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. తప్పు వెంటనే కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా కావలసిందేమిటి? ముగ్గు తప్పితే అక్కడికక్కడే చెరిపి సరిచేస్తాం. పదిహేను రోజుల తర్వాత ఎవరో వచ్చి "ఆవేళ మీ ముగ్గులో చుక్క తప్పింది" అంటే ఏం లాభం?

ఈ రెండింటినీ మాటల్లో కాదు, పనిలో చూద్దామని పానగల్ వెళ్ళాం. నల్లగొండను ఆనుకుని ఉన్న ఊరు. అక్కడ కుందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం నీడ పడి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. అది ఏ ఒక్క స్తంభం నీడో కాదు, ముందున్న స్తంభాల సందుల్లోంచి అటూ ఇటూ నుంచి వచ్చి కలిసే వెలుగు చేసే చిత్రమని తెలిసినవాళ్ళు చెప్తారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందట మన నేల మీద వెలుగుతో అంత ఆట ఆడినవాళ్ళున్నారంటే, వెలుగును పట్టే రెండు పెట్టెల్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటేది?

అమ్మాయి చేతిలో తాతయ్య కెమెరా. వెలుగు కొలిచే ముల్లు చచ్చిపోయింది గాని తక్కినవన్నీ పనిచేస్తున్నాయి. మావారి చేతిలో స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన డిజిటల్ కెమెరా.

బయట ఎండలో తెల్లపంచె కట్టుకున్న ముసలాయన మెట్ల మీద కూర్చున్నాడు. అడిగి ఇద్దరూ తీశారు. ఈయన కెమెరాలో పంచె తెల్లకాగితం ముక్కలా వచ్చింది, ఒక్క మడత కనిపించలేదు. డిజిటల్‌లో వెలుగు ఒకసారి హద్దు దాటిందా, ఇక అక్కడ ఏమీ మిగలదు. తర్వాత ఎంత సవరించినా రాదు. రంగుల నెగెటివ్ అలా కాదు, వెలుగు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది. తక్కువైతే మాత్రం నీడలో ఉన్నవన్నీ బురదయిపోతాయి. అంటే ఫిల్మ్‌కి నీడను చూసి కొలవాలి, డిజిటల్‌కి వెలుగును చూసి కొలవాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం ఫోటోలు బాగుపడతాయి. ఈయన కెమెరాలో వెంటనే చూసుకున్నారు, వెలుగు తగ్గించి రెండోసారి తీశారు, పంచె మడతలన్నీ వచ్చాయి.

లోపల గర్భగుడి చీకటి. పూజారిగారి అనుమతి అడిగి తీశారు. ఈయన కెమెరా ఆ మసక వెలుతురులో కూడా నీడను పట్టేసింది. అమ్మాయి రాతిగట్టుకి కెమెరా ఆనించి, ఊపిరి బిగబట్టి, నాలుగంటే నాలుగు తీసింది. ఏం వచ్చాయో ఆవేళ తెలియదు. హైదరాబాదు పంపి కడిగించాక, పదహారు రోజులకి చూసింది. మూడు నల్లగా వచ్చాయి. ఒకటి మాత్రం, నిజం చెప్పాలి, కళ్ళు తిప్పుకోలేనట్టు వచ్చింది. రాయి మీద వెలుగు మెత్తగా, పొడిపొడిగా, పిండి చల్లినట్టుంది. ఈయన బొమ్మల్లో అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అమ్మాయి బొమ్మలో స్పష్టత తక్కువ, నీడకి బరువుంది. ఈయన కూడా చాలాసేపు చూసి "ఇది 28 రూపాయలకి పరవాలేదు" అన్నారు. మిగతా మూడింటి డబ్బు అందులో కలపలేదు లెండి.

ఇక్కడితో ఆపి 'రెండూ మంచివే, ఎవరి అభిరుచి వారిది' అని రాస్తే మీరూ సంతోషిస్తారు, ఇంట్లో గొడవా తీరుతుంది. కాని అలా రాయలేను. అమ్మ సంగతి ఇంకా పూర్తికాలేదు.

నాయిన పోయాక అమ్మ మాతోనే ఉంటోంది. ఆవిడకి అరవై నాలుగో ఏట మా తమ్ముడు ఒక ఫోను కొనిచ్చాడు. మనవరాలు బొమ్మ తీయడం నేర్పింది. ఇక చూడండి! తెల్లారకముందే పెరట్లో నిమ్మచెట్టు దగ్గర తయారు. నిమ్మపూత, పూత మీద మంచు, గుమ్మం ముందు ముగ్గు, ఎదురింటి బర్రె మొహం, రోలు పక్కన కూర్చున్న పనిమనిషి చేతులు, తంగేడుపూలు పేర్చిన బతుకమ్మ. "ఏందమ్మా, బర్రె ఫోటో ఎందుకు?" అంటే "దాని కండ్లు జూసినవా, ఏదో అడుగుతున్నట్టు లేదూ?" అనేది. ఎవరినీ అడగక్కర్లేదు, ఏదీ దండగ కాదు. రెండేళ్ళలో నాలుగు వందల పైన తీసింది. అన్నీ బాగున్నాయని చెప్పను. చాలావాటిలో ఆవిడ బొటనవేలు కూడా ఉండేది. కాని కొన్ని చూసి నేను తెల్లబోయాను. నలభై ఏళ్ళుగా ఈ మనిషి లోపల ఈ చూపుందా? ఉంటే మాకెవరికీ ఎందుకు తెలియలేదు?

ఒకరోజు నీళ్ళు తోడుతుంటే ఫోను గోళెంలో పడింది. బియ్యంలో పెట్టాం, ఎండలో పెట్టాం, బాగుచేసేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళాం. లాభం లేకపోయింది. ఇంకోచోట దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకే తోచలేదు, నా కొడుకు బారసాల నుంచి ప్రతి ఫోటో రెండు చోట్ల దాచుకున్న నాకు! అమ్మ తీసినవి దాచవలసినవని అనుకోలేదన్నమాట. నాయిన నోటితో అన్నాడు, నేను అనకుండా చేశాను. అంతకుముందు ఆవిడ పుట్టినరోజుకి సరదాగా తొమ్మిది ఫోటోలు బజారులో స్టూడియోలో ప్రింటు వేయించి ఇచ్చాను. ఆ తొమ్మిదే మిగిలాయి. బర్రె కళ్ళు ఉన్నాయి. పనిమనిషి చేతులు లేవు.

అదే ఇంట్లో బిస్కెట్ డబ్బాలో నాయిన నెగెటివ్‌లు 1986 నుంచి అలాగే ఉన్నాయి. ఒకటి రెండు బూజు పట్టాయి, తక్కినవి ఇవాళ ప్రింటు వేసినా వస్తాయి. ఎవరూ వాటిని భద్రం చెయ్యాలని చెయ్యలేదు. వాటిపాటికవి పడి ఉన్నాయి, పడి ఉండి బతికాయి. డిజిటల్ బొమ్మ అలా పడి ఉండి బతకదు. ఎవరో ఒకరు శ్రద్ధగా కాపలా కాస్తేనే ఉంటుంది. ఒక కెమెరా అమ్మ చేతికి అందలేదు. ఇంకో కెమెరా అందింది గాని అందులోంచి అన్నీ జారిపోయాయి.

ఇప్పుడు నా తీర్పు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు, ముఖ్యంగా ఇంటి ఖర్చు చూసుకోవలసిన మనబోటివాళ్ళు, డిజిటలే కొనుక్కోండి. కొత్తదే అక్కర్లేదు, ఎవరో మోజు తీరి అమ్మేసినదైనా సరే. ఇంట్లో అందరి చేతికీ అందేచోట పెట్టండి, ఇనప్పెట్టెలో కాదు. ఓపిక కావాలంటే వారానికి ముప్పయ్యారే తీస్తానని మీకు మీరే హద్దు పెట్టుకోండి. హద్దు మనం పెట్టుకుంటే నోము, ఇంకొకరు పెడితే నిర్బంధం. నెలకి పది బొమ్మలైనా ప్రింటు వేయించండి. మిగతావి రెండు వేరు వేరు చోట్ల దాచండి, రెండూ ఒకే బీరువాలో కాదు. దాచేటప్పుడు 'ఎవరు తీసినవి దాస్తున్నాను, ఎవరివి వదిలేస్తున్నాను' అని ఒక్కసారి చూసుకోండి. ఇక ఫిల్మ్ అంటారా, ఏడాదికి రెండు మూడు రీళ్ళు పండగలా తీయండి. చీకటిగది సరదా ఉంటే నలుపు తెలుపు కడగడం నేర్చుకోండి. అది నిజంగా అందమైన విద్య. కాని ఫిల్మ్‌లోనే ఆత్మ ఉందని చెప్పి డిజిటల్ పట్టినవాళ్ళని చిన్నచూపు చూడకండి. అలా అన్నప్పుడు మీకు తెలియకుండానే 'రీలు దండుగైతది' అన్న మాటనే మళ్ళీ అంటున్నారు.

తీర్పు విని మావారు గెలిచానన్నారు. అమ్మాయి మూతి ముడుచుకుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెరట్లో నిమ్మచెట్టు కింద అమ్మమ్మ, మనవరాలు. తాతయ్య కెమెరాలో కొత్త రీలు వేసింది పిల్ల. ఎడమపక్క గుండీ తిరుగుతోందో లేదో చూసి మరీ అమ్మమ్మ మెడలో వేసింది.

"36 ఉన్నయి అమ్మమ్మా. అన్నీ నీవే. దండుగ చెయ్యి."

అమ్మ చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది. ఎటు నొక్కాలో తెలిసి కూడా నొక్కలేదు. ఆవిడకి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు, నాకు గుర్తొచ్చిందే. తర్వాత కెమెరా కంటికి ఆనించుకుని, చెట్టు మీదకి కాదు, మా పిల్ల మీదకి తిప్పింది. "జర పక్కకు జరుగు, మొహం మీద నీడ వడ్తున్నది" అంది. మీట చప్పుడైంది.

ముప్పయ్యారూ కడిగించి వచ్చాయి. పదకొండు బాగున్నాయి. తొమ్మిదింటిలో బొటనవేలుంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అన్నీ ఒక్కొక్కటే చూసింది. చూసి, మావారిని పిలిచి అడిగింది.

"బాబూ, ఇంకో రీలుకు ఎంతైతది?"

ఆయన కాగితం, పెన్సిలు తియ్యలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు.